ఆనకట్టకు చెమట ఆగింది

జూన్ 2

ఈ పుస్తకం పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే, ఆ మహానుభావులకు ముందస్తుగా వేయి క్షమాపణలు. ఇందులో భాష బాగుండదు. భావం అసలే ఉండదు. ప్రకృతి వర్ణన కోసం వెతికేవారికి నాచు, పాకుడు, దోమలు మాత్రమే దొరుకుతాయి. జనవరి నుంచి మే దాకా పేజీలు ఖాళీగా ఉన్నందుకు ఆ అయిదు నెలలకూ విడివిడిగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. తప్పు నాది కాదు. డైరీ నాకు ఈ రోజే ముట్టింది. కొత్తగా వచ్చిన సిమెంటు కాంట్రాక్టరు తన దగ్గర మిగిలిపోయినవి ఆఫీసులో అందరికీ పంచాడు. పెద్ద సారుకి తోలు అట్ట, నాకు రెగ్జిన్ అట్ట, తాతకి క్యాలెండరు. తాత అందులో అయిపోయిన నెలలు చించి పొట్లాలు కట్టుకోవడానికి దాచుకున్నాడు.

నేను జూనియర్ ఇంజినీరుని. నాలుగేళ్లు చదివి, ఏడాది ఖాళీగా తిరిగి, పదకొండు నెలలుగా ఈ వాగు మీది ఆనకట్ట దగ్గర ఉద్యోగం వెలగబెడుతున్నాను. ఆనకట్టకు నూట ముప్పై ఏళ్లు. రాయి, సున్నం, అరవై అడుగుల ఎత్తు. గోడ కింద చిన్న కాలవలో ఒక ఇనప రేకు అడ్డంగా బిగించి ఉంటుంది. దాని మధ్యలో V ఆకారంలో గాటు. గోడలోంచి ఊరిన నీళ్లన్నీ ఆ గాటులోంచి పోతాయి. ఎన్ని మిల్లీమీటర్ల మందాన పోతున్నాయో స్కేలు పెట్టి చూసి రిజిస్టరులో రాయడం నా పని. దీనికోసం కాలేజీలో నాలుగేళ్లు గణితం నేర్పారు.

ఈ రోజు రీడింగు 41. నిన్న 41. నేను పుట్టకముందు కూడా 41 అనే అంటాడు తాత.

తాత నాకు తాత కాదు. గేటు ఆపరేటరు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు, ఇంకో అయిదు నెలల్లో రిటైర్మెంటు. నలుగురిలో నన్ను సార్ అంటాడు. ఇద్దరమే ఉంటే ఒరే బాబూ అంటాడు. రెండో పిలుపే నాకు నిజమైన అపాయింట్‌మెంట్ ఆర్డరు.

జూన్ 5

గోడకి నూట ముప్పయ్యో పుట్టినరోజు చేస్తారట. చారిత్రక కట్టడం అని కొత్త బోర్డు వస్తుందట. పెద్ద సారు మీటింగు పెట్టి, గోడ ముఖం చూడడానికి ఏం బాగుందని అడిగాడు. నాచు, చారలు, రాళ్ల సందుల్లో మొక్కలు. అతిథులొచ్చేసరికి అంతా కడిగి, సందులన్నిటికీ సిమెంటు పూసి, రంగు లైట్లు వేయాలన్నాడు. ఇంతవరకు ఈయన కత్తిరించని రిబ్బను లేదు. టాయిలెట్ కట్టినా రిబ్బనే. అందుకే మేం ఆయన్ని రిబ్బన్ సారు అంటాం, ఆయన మెట్లు దిగిపోయాక.

మీటింగులో తాత తలుపు దగ్గర నిలబడి, గోడకి చెమట పట్టాలి సార్, పట్టకపోతే మంచిది కాదు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పైవాళ్లు నవ్వుతుంటే కిందివాళ్లం మూతి బిగించుకుని కూర్చోకూడదు, అది సర్వీస్ రూల్స్‌లో రాయని రూలు.

జూన్ 13

గోడ దిగువ ముఖం మీద రెండు వరసల్లో చిన్న చిన్న చిల్లులున్నాయి. లోపల ఊరిన నీరు బయటికి పోవడానికి కట్టినప్పుడే వదిలారు. ఎనభై నాలుగు. పని మొదలుపెట్టే ముందు ఇవాళ పరంజా ఎక్కి ఒక్కొక్క చిల్లు చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీశాను. వీటి జోలికి పోవద్దని గుర్తు. వెడల్పాటి, అందమైన సున్నాలు. డ్రాయింగులో నాకు ఎప్పుడూ ఇన్ని మార్కులు రాలేదు.

జూన్ 14 నుంచి 25

సెలవు. కామెర్లు. అక్క ఇంట్లో పడుకుని పథ్యం తిన్నాను. అక్కావాళ్లు వాగు ఒడ్డునే ఉంటారు, ఆనకట్టకి రెండు కిలోమీటర్ల దిగువన. వాగుకి ఇటూ అటూ రెండు వందల ఇళ్లు. బావ దర్జీ. నా కళ్లు పచ్చబడ్డాయని, ఆ రంగు బట్టకి ఏ దారం కలుస్తుందో చూడాలని నా ముఖం దగ్గర దారపు ఉండలు పెట్టి చూశాడు. అక్క చీపురు తీసింది.

జూన్ 26

డ్యూటీలో చేరాను. చేరకుండా ఉండాల్సింది.

గోడ మెరిసిపోతోంది. సందులన్నీ బూడిదరంగు గీతలు. చిల్లులు ఒక్కటీ లేవు. ఎనభై నాలుగూ నిండా సిమెంటు కూరి, పైన తాపీతో నున్నగా రుద్దారు. మేస్త్రీని నిలదీశాను. అతను అమాయకంగా చూశాడు. ఏ సైటులోనైనా సుద్దతో గుండ్రంగా గీశారంటే లోపం ఉంది పూడ్చమనే కదా సార్ అన్నాడు. వదిలేయాలంటే ఇంటూ మార్కు పెడతారు, ఆ మాత్రం తెలీదా అన్నాడు.

తెలీదు. కాలేజీలో సుద్దముక్క చాప్టరు లేదు.

ఒకటి తప్పిపోయిందేమోనని వెతికాను. నా సున్నాలు అంత స్పష్టంగా ఉన్నాయట, ఒక్కటి కూడా తప్పిపోలేదట. మేస్త్రీ మెచ్చుకున్నాడు.

జూన్ 30

రీడింగు 23.

జూలై 4

9.

జూలై 7

సున్నా. కాలవలో రేకు ఎండిపోయి ఉంది. దాని మీద ఒక తూనీగ కూర్చుంది. రిజిస్టరులో తూనీగకి కాలమ్ లేదు.

పెద్ద సారు ఆ ఎండిన కాలవ పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. నూట ముప్పై ఏళ్లుగా కారుతున్న ఆనకట్టకి లీకేజీ ఆపిన మొనగాడు అని హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చిందట. ఆఫీసులో అందరికీ టీలు. నాకూ ఇచ్చారు. తాగాను. చల్లారిపోయింది.

జూలై 9

తాత నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి అరచెయ్యి ఆనించమన్నాడు. చల్లగా ఉంది. చెవి పెట్టమన్నాడు. ఏమీ వినబడలేదు. ఇన్నాళ్లూ లోపల సన్నగా కారే చప్పుడు ఉండేదట, అది ఆగిపోయిందట. మనిషికి జ్వరం వచ్చి చెమట పట్టకపోతే జ్వరం తగ్గినట్టా అని అడిగాడు.

నాకు కావలసిన పాఠం కాలేజీలోనే చెప్పారు. రాళ్ల మధ్య చేరిన నీటికి బయటికి దారి లేకపోతే అది ఊరుకోదు. గోడను లోపలి నుంచి నెడుతుంది, కింది నుంచి ఎత్తుతుంది. రాతి ఆనకట్ట నిలబడేదే తన బరువు మీద. ఆ బరువు తేలిపోతే ఏమవుతుందో మా ప్రొఫెసరు బోర్డు మీద బాణం గుర్తులు వేసి చూపించాడు. ఆ క్లాసులో నేను వెనక బెంచీలో కూర్చుని ప్రొఫెసరు బొమ్మ గీస్తున్నాను. పాఠం అర్థమైందని ఇవాళ తెలిసింది.

జూలై 11

ఎడమ పక్కన గోడ కొండకి కలిసే చోట తడి మరక. పొద్దున అరచేయంత. సాయంత్రానికి చాపంత. ఆ నీళ్లు సీసాలో పట్టాను. కాసేపటికి అడుగున మట్టి దిగింది.

తేట నీరు ఊరితే ముసలితనం. బురద నీరు ఊరితే లోపల ఏదో కొట్టుకుపోతోందని అర్థం.

జూలై 12

పెద్ద సారుకి నోట్ పెట్టాను. రెండు పేజీలు. చిల్లులు తక్షణం తెరవాలి, ఈలోగా చెరువు మట్టం కనీసం అయిదడుగులు దించాలి. సీసా కూడా టేబుల్ మీద పెట్టాను.

ఆయన సీసా వంక చూసి, ఇది తాగమనా అని అడిగాడు. తర్వాత నెమ్మదిగా కుర్చీ చూపించాడు. ఇరవయ్యో తేదీ ఫంక్షను. ముఖ్య అతిథి పడవ ఎక్కి చెరువులో ఒక చుట్టు తిరగాలి. అయిదడుగులు దించితే పడవల రేవు మెట్లు బయటపడి బురద కనిపిస్తుంది. ఇరవై ఒకటిన చూద్దాం అన్నాడు. నేను వాతావరణ సూచన కాగితం తీశాను. వారం చివర్లో భారీ వర్షాలు. ఆయన అదీ చదివాడు. మడతపెట్టి నా జేబులో పెట్టాడు.

లేచి వస్తుంటే వెనక నుంచి అడిగాడు, ఆ చిల్లులకి సుద్దతో గీసిందెవరని. నేనేనన్నాను. తల ఊపాడు, పాపం అన్నట్టు.

జూలై 13

హెడ్డాఫీసుకి నేరుగా రాశాను. సరైన మార్గం ద్వారా పంపవలసిందిగా అని జవాబు వచ్చింది. సరైన మార్గం అంటే పెద్ద సారు టేబులు. నా ఉత్తరం ఆయన టేబులు మీదికే తిరిగి చేరింది. సీసా పక్కన.

జూలై 14

తాతని అడిగాను. అడుగు తూము తెరుద్దాం తాతా, చెరువు మట్టం దించుదాం, జనం బతుకుతారు అన్నాను.

గోడ అడుగున నీళ్లు వదిలే ఆ తూము చక్రానికి ఒక తిక్క ఉంది. లోకంలో అన్ని చక్రాలూ ఎడమకి తిప్పితే తెరుచుకుంటాయి. ఇది కుడికి తిప్పాలి. ఎడమకి తిప్పితే ఇంకా బిగుస్తుంది. కట్టినవాళ్లు ఎందుకలా చేశారో ఎవరికీ తెలీదు. నేను చేరిన కొత్తలో తాత నా చేత తిప్పించి నేర్పాడు. పెద్ద సారుకి ఆ తూము గది ఎక్కడుందో కూడా తెలీదు.

తాత ఒకటే చెప్పాడు.

"ముప్పై ఎనిమిదేళ్లలో కాగితం లేకుండా ఆ చక్రం ముట్టుకోలేదు బాబూ. వరదల్లో కూడా కాగితం తెప్పించుకునే తిప్పాను. నువ్వు కాగితం తే, నా ప్రాణం పోయినా తిప్పుతా."

కాగితం ఎక్కణ్నుంచి తేను? నా సంతకానికి సెలవు చీటీ మీద తప్ప విలువ లేదు. ఆ మాటే చెబితే తాత నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కోపం కూడా వచ్చింది. ఇంతటి మనిషి కాగితానికి భయపడతాడా అనుకున్నాను. ఇది కూడా రాసి ఉంచుతున్నాను.

జూలై 16

అక్క ఇంట్లో భోజనం. పెరట్లోంచి చూస్తే వాగులో మోకాలి లోతు నీళ్లు. పిల్లలు ఆడుతున్నారు, ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. నెలరోజులు ఎక్కడికైనా వెళ్లి ఉండండి అన్నాను అక్కతో. ఎక్కడికి అంది. ఎందుకు అంది. మిగతా ఇళ్లవాళ్లు కూడానా అంది. గోడ బాగానే ఉందని మీ సారు పేపర్లో వేయించాడుగా అంది. ఫొటో కూడా చూపించింది.

బావ మాత్రం, నీకు కామెర్లు తల్లోకి ఎక్కాయిరా బావమరిదీ, ఈసారి దారం ఎర్ర రంగు పట్టుకొస్తా అన్నాడు.

మరక ఇప్పుడు మంచమంత ఉంది. ఎవరూ పడుకోని మంచం.

జూలై 18, ఉదయం 10

ఫంక్షను రిహార్సలు. గోడ కింద తోటలో స్టేజీ వేశారు, సరిగ్గా వాగు పక్కన. ఎర్ర తివాచీ పరిచారు. ముఖ్య అతిథి పాత్రలో హెడ్ క్లర్కుని నడిపించారు. ఆయన చెయ్యి ఊపుతూ నడిచిన తీరు చూస్తే ఈ జన్మలో దిగేలా లేడు.

మరకలోంచి ఇప్పుడు చిన్న ధార. పెన్సిలంత. బురద.

మధ్యాహ్నం 12.40

అందరూ కొండ మీది గెస్ట్ హౌసుకి భోజనాలకి వెళ్లారు. స్టేజీ దగ్గర ఎవరూ లేరు, రెండుసార్లు తిరిగి చూశాను. బావకి ఫోన్ చేశాను. మూడింటిదాకా వాగులో ఎవర్నీ దిగనివ్వొద్దు, టెస్టింగ్ ఉంది అన్నాను. ఏం టెస్టింగ్ అన్నాడు. చెప్పింది చెయ్యి బావా అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో, జోకు వేయలేదు. స్కూటరు తీసి ఒడ్డు పొడుగునా అరుచుకుంటూ వెళ్తానన్నాడు.

తాత తన గదిలో ఒక్కడే తిని, కళ్లు మూసుకుని కునుకు తీస్తున్నాడు. తూము గది తాళం చెవి మేకుకి ఉంది.

సాయంత్రం 6

డైరీకి ఘనంగా తెలియజేయునది ఏమనగా, నేడు మధ్యాహ్నం ఒంటిగంటా అయిదు నిమిషాలకు అడుగు తూమును నేను తెరిచాను. పది చుట్లు తిప్పి ఆగి, వాగు చూసి, మళ్లీ పది. ఎవరైనా ఉంటే తప్పుకునే వ్యవధి ఇచ్చాను. అరవయ్యో చుట్టు దగ్గర షట్టరు ఇరుక్కుంది. ఇక తెరుచుకోదు, మూసుకోదు. చేతుల్లో బొబ్బలు. వెనక కిటికీ లోంచి దూకి, కొండ చుట్టూ తిరిగి, భోజనాల చివరి పంక్తిలో కూర్చున్నాను. పెరుగు అయిపోయిందన్నారు. పర్వాలేదన్నాను.

రెండు గంటలకి గోల మొదలైంది. స్టేజీ చుట్టూ నీళ్లు. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి క్యూ కట్టి వెళ్లాయి. ఎర్ర తివాచీ పెద్దలకంటే ముందే మా అక్క పెరటికి విచ్చేసింది. పెద్ద సారు దారి అడుగుతూ తూము గదికి పరుగెత్తి, చక్రాన్ని బలమంతా పెట్టి తిప్పాడు. ఎటు తిప్పితే మూసుకుంటుందో తెలీక చివరికి తన్నాడు.

మనుషులెవరికీ ఏమీ కాలేదు. నేను చాలా సంతోషంగా ఉన్నాను.

జూలై 20

మెకానిక్కు ఇవాళ వచ్చి షట్టరు మూశాడు. రెండు రోజుల్లో చెరువు అయిదడుగుల నాలుగంగుళాలు దిగింది. ఫంక్షను వాయిదా. పడవలు బురదలో పక్కకి ఒరిగి పడుకున్నాయి. మరకలోంచి ధార ఆగింది.

అక్క ఫోన్ చేసి, గేటు తెరిచినవాడి చేతులు పడిపోను అని తిట్టింది. ఆరేసిన బట్టలు పోయాయట.

జూలై 23

వాన. నిన్న పొద్దున మొదలై ఇప్పటిదాకా తెరిపి ఇవ్వలేదు. నేనూ తాతా గొడుగు కింద నిలబడి మట్టం చూశాం. ఒకడుగు పెరిగింది. రెండు. మూడు. నాలుగు. నిండు మట్టానికి అడుగున్నర కింద ఆగింది. తాత నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన చూపు నా అరచేతుల మీద కాసేపు ఆగింది. గొడుగు నా వైపుకి వంచాడు.

జూలై 25

కొండ పక్క మరకని రిబ్బన్ సారు ఇక దాచలేకపోయాడు. ఆనకట్టల భద్రత చూసే నిపుణురాలు వచ్చింది. అరవై ఏళ్లుంటాయి, బూట్లతో పరంజా ఎక్కింది. పూడ్చిన చిల్లుల్లో ఒకటి డ్రిల్లుతో తెరిపించింది. నీళ్లు గోడ నుంచి మనిషి పొడుగున అడ్డంగా చిమ్మాయి. డ్రిల్లు పట్టుకున్నవాడు వెల్లకిలా పడ్డాడు. ఆమె పక్కకి కూడా జరగలేదు, గడియారం చూసుకుంటూ నిలబడింది. ఆ ధార పది నిమిషాలకి గానీ వంగలేదు.

ఈ వానకి చెరువు నిండు మట్టంలో ఉండి ఉంటే కొండ పక్కన గోడ విడిపోయేదని చెప్పింది. దిగువన ఎన్ని ఇళ్లని అడిగింది. రెండు వందలన్నాను. మట్టం దించింది ఎవరు, చెయ్యి కలపాలి అంది.

అనధికారికంగా తెరిచారు, విచారణ జరుగుతోంది మేడమ్ అన్నాడు పెద్ద సారు. అప్పుడు నేను నోరు తెరవాలి. తెరిచాను. అంతలో ఆమె రిజిస్టరు అడిగింది. ఎక్కడుందో చెప్పాను.

జూలై 28

విచారణ. హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ప్రాణాలు దక్కడం వేరు, ఫంక్షను చెడడం వేరు అన్నాడు. రెండోదానికి బాధ్యులు కావాలి.

చక్రం కుడికి తిప్పాలని తెలిసినవాళ్లు ఎవరు అన్నది ప్రశ్న. అక్కడే వేలు తాత మీదికి వెళ్లింది.

పెద్ద సారు నన్ను వరండాలోకి పిలిచాడు. తాతకి మూడు నెలలే సర్వీసుంది, మహా అయితే ఒక హెచ్చరిక కాగితం, దులుపుకుని పోతాడు అన్నాడు. నీకు ముప్పై ఏళ్లుంది అన్నాడు. విచారణ ఇక్కడితో ఆగకపోతే చిల్లులు ఎలా పూడాయన్న దాకా పోతుంది అన్నాడు.

"అప్పుడు సుద్దముక్క ఎవరిదని అడుగుతారు. నేను అబద్ధం చెప్పలేను కదయ్యా."

కింది స్టాఫు చెప్పింది రాసుకునే పని మా ఆఫీసులో జూనియర్ ఇంజినీరుది. తాత వాంగ్మూలం రాసి తెమ్మన్నాడు. తెల్ల కాగితం, కార్బను తానే ఇచ్చాడు.

రాసి ఇచ్చాను. తలనొప్పిగా ఉంది.

ఆగస్టు 3

ఎనభై నాలుగు చిల్లులూ తెరిచారు. ఈసారి ఇంటూ మార్కు పెట్టాను. రీడింగు 44. నాచు మళ్లీ మొలుస్తోంది.

ఆగస్టు 6

నిపుణురాలి రిపోర్టు వచ్చింది. రోజువారీ రీడింగులు శ్రద్ధగా రాసి, ప్రమాదాన్ని ముందే పసిగట్టిన యువ ఇంజినీరుకి అభినందనలు. నా పేరు అచ్చులో, తప్పుల్లేకుండా. చెరువు మట్టం తగ్గి ఉండడం గురించి ఒకే మాట రాసింది. అదృష్టవశాత్తూ.

పెద్ద సారు ఆ పేజీ ఫ్రేము కట్టించాడు. ఆఫీసు గోడకి కొట్టాడు. రిబ్బను కట్టలేదు, అదే గొప్ప.

ఆగస్టు 12

తాతకి ఆర్డరు. హెచ్చరిక కాదు. ఉద్యోగం నుంచి తొలగింపు, పెన్షను లేదు, నాలుగు రోజుల్లో క్వార్టరు ఖాళీ చేయాలి. తన వాంగ్మూలంలో తానే అంగీకరించినందున అని రాసి ఉంది.

హెడ్ క్లర్కు పైకి చదివాడు. తాత రెండు చేతులూ కట్టుకుని విన్నాడు.

"నేను ఒప్పుకున్నానా?"

అవును, ఇదిగో నీ సంతకం అన్నాడు క్లర్కు. తాత ఆ కాగితం వైపు వంగి చూశాడు. నేను కిటికీలోంచి చెరువు చూస్తున్నాను. చెరువు చాలా బాగుంది. ఆయన నా వైపు తిరిగాడో లేదో నాకు తెలీదు, నేను తిరగలేదు. కాసేపటికి, వస్తాను సార్ అని వినిపించింది. గదిలో ఇద్దరు ముగ్గురు సార్లున్నారు. ఎవరితో అన్నాడో.

ఆగస్టు 15

తాత సామాను తరలించడానికి బావ ట్రాలీ ఆటో మాట్లాడాడట. నన్ను పిలవలేదు. రాత్రి భోజనానికి వెళితే అక్క తనంతట తనే అందుకుంది. ఆ గేటు తెరిచినవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను, తీరా చూస్తే మన ప్రాణాలు నిలబెట్టింది ఆ ముసలాయనే, పాపిష్టిదాన్ని అని కళ్లు తుడుచుకుంది. నా కంచంలో ఇంకో గరిటె వేసింది.

బావ అన్నం కలుపుతూ అడిగాడు.

"టెస్టింగ్ అని ఆ రోజు నాకు ఫోన్ చేసింది నువ్వు కదరా?"

అవునన్నాను. ఆయన ఒప్పుకున్నాడంటగా అన్నాడు. కాగితంలో అలాగే ఉంది అన్నాను. తర్వాత బావ ఒక్క జోకు కూడా వేయలేదు. చెయ్యి కడుక్కుని మిషను దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఏమీ కుట్టలేదు. ఉత్తినే తొక్కుతూ ఉన్నాడు.

ఆగస్టు 16

రీడింగు 43.

ఆగస్టు 17

గోడ విషయంలో నాది తెలివితక్కువతనం. గేటు విషయంలో నేను పడే సిగ్గేమీ లేదు. ఆ రెండింటినీ నేను చేసిన పనుల్లో లెక్కవేయను. చేసింది ఒకటే.

వాంగ్మూలం రాసిన రోజు తాత నాతో చెప్పింది రెండు మాటలు.

"నేను తిప్పలేదని రాయి బాబూ. ఎవరు తిప్పారో మాత్రం నన్ను అడగొద్దు."

నేను, సరే తాతా అని, ‘చక్రం నేనే తిప్పాను’ అని రాశాను. ఆయనకి దగ్గరి అక్షరాలు ఆనవు. ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాను. దాని కింద, అందరి వాంగ్మూలాల కిందా రాసేదే రాశాను. చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నారు.

చదివి వినిపించలేదు.